బీరువా మనది, తాళంచెవి దొంగది

మామూలు దొంగ వస్తువులు ఎత్తుకుపోతాడు. ర్యాన్సమ్‌వేర్ దొంగ తీరే వేరు. ఎక్కడివక్కడే ఉంచి, బీరువాకు తన తాళం వేసి, చెవి కావాలంటే డబ్బు కట్టమంటాడు.

2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ చేసిందిదే. ఫొటో ఫైలు పేరు చివర డబ్ల్యూఎన్‌సీఆర్‌వై అనే అక్షరాలు వచ్చి చేరేవి. ఇక అది తెరుచుకోదు. తెర మీద ఎర్రటి పెట్టె, అందులో వెనక్కి నడిచే గడియారం. 300 డాలర్ల బిట్‌కాయిన్లు కట్టాలి, మూడు రోజులు దాటితే 600! బ్రిటన్ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లూ చిక్కుకున్నాయి.

ఎలా దూరింది? విండోస్‌లోని ఒక కన్నంలోంచి. తమాషా ఏమిటంటే, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే దానికి మాటు వేసింది. "తర్వాత చూద్దాంలే" అని అప్‌డేట్‌ను పక్కకు నెట్టిన కంప్యూటర్లు దొరికిపోయాయి.

ఇలాంటివి ఈమెయిల్ అటాచ్‌మెంట్ల వెంట, ఊరికే దొరికే దొంగ ఆటల వెంట కూడా వస్తాయి. ఫొటోలను వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, వెంటనే కేబుల్ పీకేయండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది. ఎర్ర పెట్టె కనిపించిందా? ముందు వైఫై ఆపి పెద్దవాళ్లను పిలవండి. డబ్బు కట్టినా చెవి ఇస్తాడన్న నమ్మకం లేదు. ఫిర్యాదుకు 1930 నంబరుంది.