గట్టుకీ చెట్టుకీ నడుమ మన ఇల్లు



స్థలం కొనగానే మనం చేసే మొదటి పని వాస్తు చూపించడం. సింహద్వారం ఎటు, వంటిల్లు ఏ మూల అని అడుగుతాం. మంచిదే. అయితే మన ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు అంతకంటే ముందు అడగవలసినవి రెండున్నాయి. నీళ్ళు ఎంతవరకూ వస్తాయి? దొడ్లో ఉన్న చెట్టు వేళ్ళు ఎంతవరకూ పాకాయి?

మనం నీళ్ళ మధ్య ఉన్నవాళ్ళం. ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం మీదుగా వస్తుంది. తమ్మిలేరు ఏలూరు పక్కగా పోయి కొల్లేట్లో కలుస్తుంది. బుడమేరూ అక్కడికే చేరుతుంది. 2024 సెప్టెంబరులో ఆ బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. తడిసిన బియ్యం, పాడైన ఫ్రిజ్జు, బురద పట్టిన పరుపులు, అన్నీ చివరికి ఇల్లాలి నెత్తినే పడతాయి కదా! అందుకే ఇంటి చోటు నిర్ణయించేటప్పుడు మనమూ దగ్గరుండాలి.

ముందు గట్టు సంగతి. పైకి గట్టిగా కనిపించినా గట్టు లోపల తడి పీల్చుకుని ఉంటుంది. కాలువ నిండుగా ఉన్నంతకాలం ఆ నీరే దానికి ఊత. వేసవిలో కాలువ కట్టేసినా, వరద గబగబా తీసినా ఆ ఊత పోయి తడిమన్ను జారుతుంది. పక్కనే ఇంటి బరువు కూడా ఉంటే గోడలు బీటలు వారతాయి.

2017లో వచ్చిన మన రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు 10 మీటర్లకు మించి వెడల్పున్న కాలువకు, వాగుకు 9 మీటర్లు, అంతలోపు వాటికి 2 మీటర్లు వదలమన్నాయి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే 30 మీటర్లు. 9 మీటర్లంటే దాదాపు 30 అడుగులు. 60 అడుగుల పొడవు స్థలంలో సగం అటే పోతుంది! అందుచేత బయానా ఇవ్వకముందే టేపు వేయించండి. నిబంధనలు మారుతుంటాయి గనుక మునిసిపల్ ఆఫీసులో ఇప్పటి లెక్క కనుక్కోండి. కొల్లేటి వైపు సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత, అదే ఐదో కాంటూరు, దాని లోపలి భాగాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. చవగ్గా వస్తోందని అక్కడ స్థలం కొనకండి.

ఇక చెట్టు. ఇల్లు గట్టుకు దూరం జరుపుదామంటే వేపచెట్టు అడ్డం వస్తుంది. "కొట్టేద్దాం అమ్మగారూ" అంటాడు మేస్త్రి. తొందరపడకండి. గట్టు దగ్గర మట్టిని పట్టి ఉంచేవి ఆ వేళ్ళే. చెట్టు కొట్టేస్తే కొన్నాళ్ళకు వేళ్ళు కుళ్ళి మట్టి వదులవుతుంది. పైగా 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం మన దొడ్లో చెట్టయినా చాలావరకు అనుమతి లేకుండా కొట్టకూడదు.

అలాగని చెట్టు మొదట్లోనే గోడ లేపకూడదు. మన నల్లమట్టి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది, వానల్లో ఉబ్బుతుంది. పెద్ద చెట్టు తడి లాగేస్తే ఆ కదలిక మరీ ఎక్కువవుతుంది. రావి, మర్రి అయితే గోడ దరిదాపుల్లో ఉండనే కూడదు.

మరి ఏం చేయాలి? డబ్బాడు ముగ్గుపిండి తీసుకుని స్థలానికి వెళ్ళండి. నీటివైపు వదలవలసిన దూరం కొలిచి ఒక గీత వేయండి. వానకు చెట్టు కొమ్మల చివర్ల నుంచి చుక్కలు ఎక్కడ పడతాయో అక్కడ చుట్టూ ఇంకో గీత వేయండి. మిగిలిన చోటు ఇంటిది. వేళ్ళు ఆ రెండో గీత దాటి కూడా పోతాయి గనుక అక్కడ పొడుగాటి పునాది కందకం కంటే పైల్ పునాది మేలు. పెద్ద వేరు తగిలితే గుంతను ఇంజనీరుగారిని అడిగి కాస్త పక్కకు జరుపుకోవచ్చు.

మెరక చేయించేటప్పుడు మరీ జాగ్రత్త. చెట్టు మొదలు చుట్టూ రెండడుగులు మట్టి పోస్తే వేళ్ళకు గాలి ఆడదు. చెట్టు ఒకటి రెండేళ్ళలో నిలువునా ఎండిపోవచ్చు. ఇల్లు కట్టే మేరకే మెరక చేసి, చెట్టు చుట్టూ పాతమట్టం అలాగే ఉంచి, నీరు నిలవకుండా వాలు ఇప్పించండి.

ఇంతా చేస్తే చోటు చాలదంటారా? పడగ్గదిని మేడమీదికి మార్చండి, లేదా ఒక గది తగ్గించండి. గది నాలుగేళ్ళ తర్వాతైనా వేసుకోవచ్చు. జారిన గట్టునీ, తాతలనాటి చెట్టునీ తిరిగి తెచ్చుకోవడం మన తరం కాదు. ఈ సంగతి ప్లాను గీయించకముందే ఇంట్లో వారితో మాట్లాడండి.