అడిగిందీ ఊరే, ఇచ్చిందీ ఊరే

ఎన్నికలు వస్తే మన చూపంతా వేదికల మీదే. ఎవరొస్తారు, ఏమిస్తారు అన్న లెక్కలే. నమ్మకం ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలంటే మాత్రం ఒకసారి భూదాన్‌ పోచంపల్లి దారి పట్టాలి.

1951 ఏప్రిల్‌ 18. నల్లగొండ జిల్లా పోచంపల్లి. దళితవాడ నుంచి వచ్చినవాళ్లు ఆచార్య వినోబా భావే ముందు కూర్చున్నారు. నలభై కుటుంబాలు. ఎవరికీ గుంట భూమి లేదు. కూలికి పిలిస్తే కూడు, లేదంటే పస్తు. మీకేం కావాలని వినోబా అడిగారు. ఎనభై ఎకరాలుంటే చాలు, సగం తరి, సగం ఖుష్కి, దున్నుకుని బతుకుతామన్నారు.

వినోబాకు ముందుగా తట్టింది మనందరికీ తట్టే ఆలోచనే. ప్రభుత్వానికి రాద్దాం, అర్జీ పెడదాం. ఆ అర్జీ ఎప్పటికి కదలాలి? అప్పుడాయన చుట్టూ ఉన్న ఊరివాళ్ల వైపు తిరిగి, మీలో ఎవరైనా వీళ్లకు సాయం చేయగలరా అని అడిగారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి, వందెకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికంటే ఇరవై ఎకరాలు ఎక్కువ.

భూదానోద్యమం పుట్టింది అలా. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని కాలినడకన బయల్దేరిన వినోబాకు పోచంపల్లిలో కొత్త దారి దొరికింది. తెలంగాణ పల్లెల్లో తిరిగిన 51 రోజుల్లోనే 12 వేల ఎకరాలకు పైగా భూమి దానంగా వచ్చింది. ఆ తర్వాత పదమూడేళ్ల పాటు దేశమంతా నడిచారు. 1958లో తొలి రామన్‌ మెగసెసె అవార్డుల్లో ‘సామాజిక నాయకత్వం’ విభాగంలో ఆయననే ఎంపిక చేశారు. పోచంపల్లి పేరు ముందు ‘భూదాన్‌’ శాశ్వతంగా చేరిపోయింది.

అదీ ఎన్నికల ఏడాదే

ఈ కథలో మనం తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. 1951 ఎన్నికల ఏడాది కూడా. స్వతంత్ర భారత తొలి సాధారణ ఎన్నికలు ఆ అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. ఏ పార్టీ ప్రచారమూ ఊపందుకోకముందే, ఒక్క ఓటూ పడకముందే పోచంపల్లిలో భూమి గురించి మాట నడిచింది, మాట ఇచ్చారు.

ఆ మాట గాల్లోంచి ఊడిపడలేదు. అప్పటికి ఐదేళ్లుగా తెలంగాణ రైతాంగం దొరల మీద, నిజాం మీద, ఆ తర్వాత సైన్యం మీద సాయుధంగా పోరాడుతోంది. ఊరూరా సంఘం పెట్టుకుని భూములు పంచుకుంది. భూమి లేని మనిషి తలెత్తి అడగడం నేర్చుకున్నది ఆ సంఘాల్లోనే. పోరాటాన్నీ దానాన్నీ ఎదురెదురుగా నిలబెట్టి ఏది గొప్పదని తేల్చడం నాకు ఇష్టం లేదు. రెండింటికీ పునాది ఒక్కటే. నలుగురు కూడి మాట్లాడుకోవడం.

తొలి ఎన్నికల్లో నల్లగొండ తీర్పు కూడా ఆ పునాది మీదే వచ్చింది. పోచంపల్లికి దగ్గర్లోని భువనగిరి ప్రాంతపు బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి, కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్‌ డెమోక్రటిక్‌ ఫ్రంట్‌ తరఫున పోటీచేసి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. ఆయనకు ఆ ఓట్లు సభల్లో రాలలేదు. సొంత భూమి పంచినవాడు, ప్రజల వెంట ఏళ్ల తరబడి నడిచినవాడు కనుక వచ్చాయి. జనం ముందు మనిషిని చూశారు, తర్వాత ఓటేశారు.

ఊరు కన్ను తిప్పితే

భూదానం అంతా వెలుగే అనుకుంటే పొరపాటు. దేశవ్యాప్తంగా 40 లక్షల ఎకరాలకు పైగా దానపత్రాలు రాశారు. వాటిలో చాలా భూమి పేదవాడి చేతికి చేరనేలేదు. కొంత రాళ్లగుట్ట, కొంత తగాదాలో ఉన్నది, కొంత కాగితం మీదే మిగిలింది. హైదరాబాద్‌ పెరిగి పెరిగి పల్లెల మీదికి వచ్చాక, చుట్టుపక్కల భూదాన భూములు కబ్జాల పాలై కోర్టుల్లో నలుగుతున్నాయి.

ఇందులో నాకు కనిపించే పాఠం స్పష్టం. ఇచ్చినవాడు పోయి, అడిగినవాడు పోయి, ఊరు కూడా పట్టించుకోవడం మానేస్తే ఎంత గొప్ప మాటైనా ఫైలుగా మారిపోతుంది. కావలి కాయడానికి ఎవరూ లేనిచోటికే కబ్జాదారు వస్తాడు.

తొమ్మిది వేలసార్లు

తమ కష్టాన్ని తామే పట్టించుకుంటే ఏమవుతుందో కూడా ఇక్కడి మగ్గాల దగ్గరే చూడొచ్చు. పోచంపల్లి నేత ఇళ్లలో చీర మగ్గమెక్కే ముందు ఒక పని ఉంది. ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన పలక ముందు ఆడమనిషి కూర్చుంటుంది. ఒక చేత్తో దారం పట్టుకుని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఆ మేకుల మీదుగా తిప్పుతూనే ఉంటుంది. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేలసార్లు ఆడాలి. ఆసు అయ్యాకే రంగు అంటకుండా దారానికి చిట్కి కట్టడం, రంగుల్లో ముంచడం, నేత. మగ్గం మీద పేరు మగవాడిది. భుజం నొప్పి మాత్రం ఇంటి ఇల్లాలిది.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం ఆ నొప్పిని తన తల్లి లక్ష్మి భుజంలో చూశారు. ఆరో తరగతితోనే బడి ఆపేసిన మనిషి. 1992లో మొదలుపెట్టి, చేతికందిన డబ్బు సామాన్లకు పోస్తూ, పనిచేయక ఆగిపోయినప్పుడల్లా మళ్లీ మొదలుపెడుతూ 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి లక్ష్మి ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టుకున్నారు. ఐదారు గంటల పని గంటన్నరకు వచ్చింది. పోచంపల్లి, పుట్టపాక నేత ఇళ్లకు ఆ యంత్రాలు చేరాయి. 2017లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. ఆ భుజం నొప్పికి మందు ఏ మేనిఫెస్టోలోనూ రాసిలేదు. నేత ఇంట్లోంచే వచ్చింది.

2005లో పోచంపల్లి ఇక్కత్‌కు వచ్చిన భౌగోళిక గుర్తింపు కథా ఇలాంటిదే. దరఖాస్తుదారులు ఇక్కడి చేనేత సహకార సంఘం, పట్టుచీరల తయారీదారుల సంఘం. మా డిజైన్‌ మాదేనని వాళ్లు కూడి అడిగారు కనుకే చట్టం కాపలా నిలబడింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో పోచంపల్లిని చేర్చిందంటే, దాని వెనక ఉన్నది ఈ చేతులే.

బరిలో 480 మంది

ఎన్నికలనే ఆయుధం చేసుకున్న ఘట్టం కూడా నల్లగొండ జిల్లాదే. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్‌ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పిల్లలు, నడుం నిలవని పెద్దలు ఎందరో. ప్రతి ఎన్నికల్లో నీళ్లిస్తామనేవారు, ఓట్లయ్యాక మరిచిపోయేవారు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో పల్లెజనంతో వందలుగా నామినేషన్లు వేయించింది. బరిలో నిలిచినవాళ్లు 480 మంది. బ్యాలెట్‌ పుస్తకమంత అయింది. పోలింగ్‌ వాయిదా వేయాల్సి వచ్చింది. నల్లగొండ నీళ్ల గోడు దేశమంతా విన్నది.

సమితి నిలబెట్టిన ఆ పల్లెజనం గెలవాలని నిలబడలేదు, గొంతు వినిపించాలని నిలబడ్డారు. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. అయినా నల్లగొండ అడగడం మానలేదు. తర్వాతి ఏళ్లలో పల్లెలకు కృష్ణా నీళ్లు వచ్చాయి. ఇచ్చామని పార్టీలు చెప్పుకుంటాయి. అడిగీ అడిగీ రప్పించుకున్నది ప్రజలు.

ఓటు తర్వాత

ఓటు వద్దని ఈ కథలు చెప్పడం లేదు. ఓటు తప్పకుండా వేయాలి. రోడ్డు, ఆసుపత్రి, నూలు రాయితీ ప్రభుత్వమే ఇవ్వాలి, ఆ బాధ్యత దానిదే. దానాలతో, చందాలతో దాన్ని తప్పించకూడదు. ఓటు వేసి ఐదేళ్లు చేతులు ముడుచుకుని కూర్చునే అలవాటు మాత్రం మనల్ని నిరాశలోకి నెడుతోంది. గెలిచినవాడు మోసం చేశాడని తిడతాం, మళ్లీ ఇంకొకడి కోసం ఎదురుచూస్తాం.

ఈసారి ప్రచార వాహనం మీ వీధిలోకి వచ్చినప్పుడు రావి నారాయణరెడ్డికి నల్లగొండ పెట్టిన పరీక్షే మీరూ పెట్టండి. ఈ మనిషి ఓటు అడగకముందు మనతో ఎక్కడ నిలబడ్డాడు? జవాబు దొరికితే ఓటేయండి. ఫలితాలొచ్చిన మర్నాడు మాత్రం పార్టీ కండువాలు పక్కనపెట్టి మీ వాడలో పదిమంది ఒకచోట కూర్చోండి. మనలో ఎవరికేం కావాలి, మనలో ఎవరేం చేయగలరు అని ఒకరినొకరు అడగండి. 1951లో పోచంపల్లిలో వినోబా అడిగింది ఇంతే.