ఇటుక కింది చుట్టం

మీ పెరట్లో నీళ్ళ కుండీ పక్కన పాత ఇటుక ఉందా? ఎన్నాళ్ళుగానో కదపని ఇటుక. దాన్ని ఒకసారి ఎత్తి చూడండి. కింద మట్టి చెమ్మగా ఉంటుంది. చీమలు ఉండవచ్చు. వానపాము ఉండవచ్చు. వాటితో పాటు బూడిద రంగులో, పెసరగింజంత ఉండే చిన్న పురుగులు గబగబా పక్కలకు పారిపోతాయి. వాటి వీపు మీద పలకలు ఉంటాయి. పెంకుటింటి మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కొన్ని రకాలను ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంటాయి.

తెనాలి వైపు అరటి తోటల్లో కుళ్ళిన బోదె కింద చూడండి. బాపట్ల ఇసుక నేలల్లో రాలిన ఆకుల కింద చూడండి. రేపల్లె వైపు గడ్డివాము అడుగున చూడండి. ఇలాంటి చోట్లే వెతకాలి. ఈ పాఠంలో దీన్ని చెమ్మపురుగు అందాం.

పురుగు అన్నాం కాని, ఇది ఈగ, చీమల జాతి కాదు. ఇది రొయ్యకు, పీతకు చుట్టం! నవ్వకండి. రొయ్యను ఒలిచేటప్పుడు దాని పొట్ట కింద తెడ్ల లాంటి చిన్న కాళ్ళు చూసే ఉంటారు. చెమ్మపురుగుకూ తోక కింద అలాంటి రేకులు ఉన్నాయి. వాటితోనే అది గాలి పీలుస్తుంది. ఆ రేకులు తడిగా ఉండాలి. ఎండిపోతే ప్రాణం పోతుంది. అందుకే అది చెమ్మను వదలదు. కోట్ల ఏళ్ళ కిందట దీని పూర్వీకులు నీళ్ళలో ఉండేవి. తర్వాత గట్టెక్కాయి. గట్టెక్కినా నీటి అవసరం మాత్రం పోలేదు.

దీనికి ఏడు జతల కాళ్ళు. అంటే పద్నాలుగు. చీమకు ఆరే. జెర్రికి ఇంకా ఎక్కువ. జెర్రి కుడుతుంది. చెమ్మపురుగు కుట్టదు, కరవదు, విషం లేదు. అనవసరంగా చెప్పు తీయకండి. కుళ్ళిన ఆకు, పుచ్చిన కర్ర తిని, మట్టికి ఎరువు చేసి పెడుతుంది. కూలి అడగదు.

తల్లి చెమ్మపురుగుకు పొట్ట కింద ఒక సంచి ఉంటుంది. గుడ్లను ఆ సంచిలోనే మోస్తుంది. పిల్లలు అందులోనే పొదిగి బయటికి వస్తాయి. అప్పుడు వాటికి ఆరు జతల కాళ్ళే ఉంటాయి. ఏడో జత తర్వాత వస్తుంది. పెరిగేటప్పుడు పాత పొర విడుస్తుంది. అదీ ఒకేసారి కాదు. ముందు వెనక సగం, కొన్నాళ్ళకు ముందు సగం. అందుకే ఒక్కోసారి సగం తెల్లగా, సగం నల్లగా కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఇదేదో వేరే రకం అనుకుంటారు. కాదు. పాతదే, పొర విడుస్తోంది.

మరి వేరే రకం అని ఎలా తెలుస్తుంది? ఇక్కడే అసలు సంగతి ఉంది.

ప్రపంచంలో నేల మీద బతికే చెమ్మపురుగులు 3,500 రకాలకు పైగా ఉన్నాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. వీటిలో కొన్ని రకాలు మొక్కల కుండీల మట్టిలో చేరి దేశాలు తిరిగాయి. ఓడలెక్కాయి. ఇవాళ మన కుండీ కింద కనిపించేది ఇంకో ఖండంలోనూ ఉండవచ్చు. కాని మట్టి లోపలే బతికే రకాలు వేరు. అవి చాలా చిన్నవి. తెల్లగా ఉంటాయి. కొన్నింటికి కళ్ళే ఉండవు. అవి ఎక్కడికీ పోవు. ఒక గుట్ట కింద ఉన్న రకం ఇంకో గుట్ట కింద ఉండకపోవచ్చు. కొత్త రకాలు దొరికేది ఎక్కువగా ఇలాంటి చోటే.

కొత్త రకం అంటే నిన్న పుట్టింది అని కాదు. అది లక్షల ఏళ్ళుగా అక్కడే ఉంది. పుస్తకానికి కొత్త, అంతే. రేషను కార్డులో పేరు లేనంత మాత్రాన మనిషి లేకుండా పోతుందా?

కలుపు తీసే అక్కలకు ఈ పని సులువుగా అర్థమవుతుంది. వరిలో ఊద మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. రంగు చూస్తే తేడా తెలియదు. ఎత్తు చూసినా తెలియదు. ఆకు, కాడ కలిసే చోట చూడాలి. వరికి అక్కడ సన్నని పొర ఉంటుంది. ఊదకు ఉండదు. ఆ ఒక్క గుర్తుతో ఊదను పీకి పారేస్తాం.

చెమ్మపురుగుల శాస్త్రవేత్త చేసేదీ అదే. రంగును నమ్మరు. సైజును నమ్మరు. అవి వయసును బట్టి, తిండిని బట్టి మారతాయి. పురుగును స్పిరిట్‌లో వేసి, భూతద్దం కన్నా ఎంతో బలమైన సూక్ష్మదర్శిని కింద పెడతారు. మీసానికి ఎన్ని కణుపులు? కాలి మీద ముళ్ళు ఎలా ఉన్నాయి? అన్నిటికన్నా ముఖ్యం, మగదాని తోక కింది రేకులు. ఒక్కో రకానికి వాటి ఆకారం ఒక్కోలా ఉంటుంది. వాటిని చూసి బొమ్మ గీస్తారు. అంతకుముందు లోకంలో ఎవరెవరు ఏం గీశారో అవన్నీ తెచ్చి పక్కన పెట్టి పోలుస్తారు. దేనితోనూ కలవకపోతేనే కొత్తది అంటారు. ఈ పోల్చే పనికే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడతాయి.

ఇలాంటిది మన రాష్ట్రంలోనే జరిగింది. గుంటూరు, విజయవాడల మధ్య ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. తెనాలికి దూరమేమీ కాదు. అక్కడ జంతుశాస్త్రం చెప్పిన వై. రంగారెడ్డి గారు భూమి లోపలి నీళ్ళలో బతికే చిన్న జీవుల మీద పని చేశారు. ఇలాంటి జీవులను పట్టాలంటే బోరు నీటిని సన్నని వలలో వడకట్టాలి. మనం చీర కొంగుతో వడకట్టినట్టే. అలా భూగర్భ జలంలో చెమ్మపురుగుకు దూరపు చుట్టం ఒకటి దొరికింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కళ్ళు లేవు. ఆ చీకట్లో కళ్ళతో పనేముంది?

ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు మ్యూజియం శాస్త్రవేత్త జార్జి విల్సన్, రంగారెడ్డి గారు కలిసి దాన్ని పరిశీలించారు. 2011లో దానికి పేరు పెట్టారు. ఆంధ్రకోయిడెస్ షాబుద్దీన్. ఇలా రెండు మాటలతో జంతువులకు పేరు పెట్టే పద్ధతి 1758 నుంచి ఉంది. మన తెలుగువాళ్ళ పద్ధతే అది. ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. ఈ జీవికి ఉన్న ఇంటిపేర్లు ఏవీ సరిపోలేదు. అందుకని ఇంటిపేరే కొత్తది పెట్టారు. అందులో మన ఆంధ్ర ఉంది. సొంతపేరు షాబుద్దీన్ అనే పరిశోధకుడిది. 2015లో రాష్ట్రంలోని గుహల్లో అదే ఇంటిపేరుతో ఇంకో రకాన్ని గుర్తించారు. గుహలు శోధించిన గెబావర్ పేరు దానికి పెట్టారు.

దీని దగ్గరి బంధువులు ఎక్కడున్నాయి? ఒకటి కాశీ బావుల్లో. దాన్ని 1950లోనే గుర్తించారు. మరికొన్ని సముద్రం అవతల ఆస్ట్రేలియాలో! ఈదుకుంటూ వచ్చాయా? లేదు. పది కోట్ల ఏళ్ళకు ముందు మన నేల, ఆస్ట్రేలియా నేల కలిసే ఉండేవి. తర్వాత నేల చీలింది. ఒక ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్ళు తలో దిక్కు వెళ్ళినట్టు ఇవీ విడిపోయాయి. ఒక్క పురుగు కాళ్ళు లెక్కపెడితే భూమి కథ బయటపడింది.

ఇలాంటి జీవులకు వలస పోవడం తెలియదు. వాటి నీరు చెడితే అవి పోతాయి. బాపట్ల తీరపు ఇసుకలో దొరువులు తవ్వి నీళ్ళు తోడడం పాత అలవాటు. అక్కడ మంచి నీరు పైన, ఉప్పు నీరు కింద ఉంటుంది. మోటారు పెట్టి ఒక్కసారే ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది. అప్పుడు మనమైతే బిందె పట్టుకుని ఇంకో చోటికి పోతాం. నీటి లోపలి జీవి ఎక్కడికి పోతుంది? చేలో గడ్డి తగలబెట్టినా, పురుగుమందు గుళికలు అతిగా చల్లినా పైమట్టి జీవులదీ ఇదే గతి. వాటిలో పేరు పెట్టకముందే పోయేవి కూడా ఉంటాయి.

పేరు పెట్టాక ఆ జీవిని పారేయరు. ఒకదాన్ని మ్యూజియంలో సీసాలో దాస్తారు. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే చూడాలి. కలకత్తాలో 1916లో పెట్టిన ప్రభుత్వ జంతు పరిశోధన సంస్థలో ఇలాంటి సీసాలు ఎన్నో ఉన్నాయి. ప్రతి సీసాలో ఒక చిన్న కాగితం చీటీ ఉంటుంది. ఏ ఊరు, ఏ తేదీ, రాయి కిందా బావిలోనా, పట్టింది ఎవరు, అన్నీ దాని మీద రాస్తారు. చీటీ లేకపోతే సీసాలోది ఎంత అరుదైన జీవి అయినా పెద్దగా పనికిరాదు. ఆ చీటీని మామూలు పెన్నుతో రాయరు. స్పిరిట్‌లో ఆ సిరా కరిగిపోతుంది. పెన్సిలుతో రాస్తారు. అది చెరగదు.