చక్కెరతో పాటు కొవ్వునూ లెక్కగట్టిన వైద్యుడు

ఇలియట్ జాస్లిన్ 1869లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. 1895లో హార్వర్డ్‌లో వైద్య పట్టా పుచ్చుకుని, 1898లో బోస్టన్‌లో ప్రాక్టీసు పెట్టారు. ఒక్క మధుమేహాన్నే పట్టుకుని జీవితకాలం వైద్యం చేయాలన్న ఆలోచన ఆ రోజుల్లో కొత్తది. ఆయనకు అది దూరపు జబ్బు కాదు. దగ్గరి బంధువుకు వచ్చింది, తర్వాత తల్లికీ వచ్చింది. తల్లి కఠినమైన పథ్యంతో పదేళ్లకు పైగా బతికారు. పథ్యం మీద ఆయనకు గురి కుదరడానికి అది పెద్ద కారణం.

రోగుల వివరాలన్నీ ఆయన పెద్ద లెడ్జరు పుస్తకాల్లో రాసి పెట్టేవారు. రోగి చనిపోతే ఏ కారణంతో పోయాడో కనుక్కుని అదీ నమోదు చేసేవారు. 1916లో వచ్చిన ఆయన వైద్యగ్రంథానికి అలా పోగైన వెయ్యి మంది రోగుల అనుభవమే ఆధారం. రెండేళ్లకు రోగుల కోసమే మరో పుస్తకం రాశారు.

ఇన్సులిన్ లేని కాలమది. తిండి బాగా తగ్గించి ప్రాణం నిలపడమొక్కటే దారి. పిల్లలు ఎముకల గూళ్లయ్యేవారు. టొరంటోలో కనిపెట్టిన ఇన్సులిన్‌ను 1922 ఆగస్టులో జాస్లిన్ మొదటిసారి ఒక నర్సుకు ఇచ్చారు. అప్పటికామె బరువు సుమారు 31 కిలోలు. కొన్ని వారాలకే ఆమె మైళ్ల దూరం నడవగలిగారు.

అయితే మందు దొరికిందని జాస్లిన్ పట్టు సడలించలేదు. పథ్యం, వ్యాయామం, ఇన్సులిన్ మూడూ కలిసి లాగితేనే బండి నడుస్తుందనేవారు. మూత్ర పరీక్ష రోగులకే నేర్పించారు: బెనెడిక్ట్ ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి మరిగించాలి. నీలం అలాగే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగితే బాగా ఎక్కువైనట్టు. జబ్బును రోజూ చూసుకోవాల్సింది రోగే కనుక, నేర్పడం కూడా వైద్యంలో భాగమేనన్నది ఆయన నమ్మకం. ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా గొప్పది ఇదే.

లెడ్జర్లలో మరో సంగతి బయటపడింది. ఇన్సులిన్ వచ్చాక కోమాలో చనిపోయేవాళ్లు తగ్గారు, రక్తనాళాలు గట్టిపడి చనిపోయేవాళ్లు పెరిగారు. ఆహారంలోనూ ఒంట్లోనూ కొవ్వు మితిమీరడమే దీనికి కారణమై ఉండొచ్చని 1927లోనే ఆయన రాశారు. షుగరు డాక్టరు కొలెస్ట్రాల్ పరీక్ష కూడా రాయడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

చక్కెరను గట్టిగా అదుపులో పెట్టాలన్న ఆయన వాదనను చాలామంది వైద్యులు ఒప్పుకోలేదు. 1962లో 92 ఏళ్ల వయసులో జాస్లిన్ కన్నుమూసేనాటికీ ఆ వివాదం తేలలేదు. టైప్ 1 మధుమేహం ఉన్న 1,441 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 1993లో వెలువడ్డాయి: గట్టి అదుపుతో కన్ను, మూత్రపిండం, నరాల జబ్బులు బాగా తగ్గాయి. కొవ్వు సంగతికీ 2004లో గట్టి ఆధారం దొరికింది. గుండెజబ్బు ఇంకా రాని టైప్ 2 రోగులకు కొలెస్ట్రాల్ తగ్గించే మందు అటార్వాస్టాటిన్‌ను రోజూ 10 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ముప్పులు 37 శాతం తగ్గాయి.