తీగ లేని వీణ

వీణ తీగను ఒక్కసారి మీటి, ఆ నాదం ఆగేదాకా చెవి ఒగ్గి వినండి. మొదటి క్షణంలో అది పదునుగా ఉంటుంది. పోనుపోను మెత్తబడి, సన్నగిల్లి ఆగిపోతుంది. ఎందుకని? తీగలో ప్రాథమిక స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు పౌనఃపున్యం గల అతిస్వరాలు కూడా పుడతాయి. వాటిలో పౌనఃపున్యం ఎక్కువగా ఉన్నవి ముందుగా అణగిపోతాయి.

ఈ మార్పును కంప్యూటరు చేత పలికించడం ఎలా? ప్రతి అతిస్వరాన్నీ విడిగా లెక్కగట్టి కలపవచ్చు. కాని 1980 ప్రాంతపు చిన్న కంప్యూటర్లకు అది మోయలేని భారం. 1983లో అమెరికాలో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ఒక తేలిక ఉపాయాన్ని ప్రచురించారు.

200 గళ్ళ వరుసను ఊహించుకోండి. ప్రతి గడిలోనూ ఏ క్రమమూ లేకుండా ఏదో ఒక సంఖ్య వేయండి. తీగను మీటడమంటే ఇదే! ఇప్పుడు ఆ సంఖ్యలను సెకనుకు 44,100 చొప్పున లౌడ్‌స్పీకరుకు పంపాలి. చదివిన ప్రతి సంఖ్యనూ చెరిపి, దానికీ అంతకుముందు చదివిన సంఖ్యకూ సగటు అక్కడ రాయాలి. వరుస పూర్తికాగానే మళ్ళీ మొదటికి రావాలి. అంతే!

సగటు ఏం చేస్తుందో కాగితంమీద చూడండి. 8, -6, 4, -2 అనే సంఖ్యలు గబగబా ఎగిరిపడుతున్నాయి. పక్కపక్క సంఖ్యల సగటులు 1, -1, 1. ఆ ఎగుడుదిగుళ్ళు ఒక్క దెబ్బతో అణగిపోయాయి. 8, 7, 6, 5 నెమ్మదిగా మారుతున్నాయి. వాటి సగటులు 7.5, 6.5, 5.5. పెద్ద తేడా లేదు! అంటే వేగంగా మారే కంపనాలు ముందు పోతాయి, నెమ్మదైనవి నిలుస్తాయి. తీగలో జరిగేదీ ఇదే కదా!

మరి శ్రుతి మాటేమిటి? గళ్ళ సంఖ్యే తీగ పొడవు వంటిది. సగటు వల్ల అర గడి ఆలస్యం కలుస్తుంది కనుక 44,100ను 200.5తో భాగించాలి. సుమారు 220 హెర్ట్జ్‌లు వస్తుంది. గళ్ళు తగ్గిస్తే స్వరం హెచ్చుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. గడిని సగానికి కోయలేము. 20 గళ్ళకు సుమారు 2,151 హెర్ట్జ్‌లు, 21 గళ్ళకు 2,051 వస్తాయి. ఆ మధ్య స్వరం కావాలంటే దొరకదు. పాట అపశ్రుతి పలుకుతుంది. అదే సంవత్సరం డేవిడ్ జాఫ్, జూలియస్ స్మిత్ ఈ లోపాన్ని సరిదిద్దారు. గడిలో కొంతభాగం మేరకే ఆలస్యం కలిగించే మరో చిన్న లెక్కను వారు చేర్చారు.

మీకు కంప్యూటరు అందుబాటులో ఉంటే పది, పదిహేను వరుసల ప్రోగ్రాముతో ఈ తీగను మీరే మీటవచ్చు. తరువాత ఒక తమాషా చేయండి. బొమ్మా బొరుసూ వేసినట్లు, సుమారు సగం సార్లు సగటు గుర్తును తారుమారు చేయండి. తీగ మాయమై డప్పు మోగుతుంది!