రాతి రంధ్రాలలో చమురు పయనం

పుదుచ్చేరి భారతి పార్కు నడుమనున్న తెల్లని ఆయి మండపాన్ని చూడని యాత్రికులు అరుదు. పట్టణానికి మంచినీరు సమకూరిన సందర్భానికి చిహ్నంగా, ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ కాలంలో అది వెలసింది. ఆ చక్రవర్తి ఏలుబడిలోనే, 1856లో, ఫ్రాన్సులోని దిజోన్ నగరానికి నీటి సరఫరా ఏర్పరచిన ఇంజనీరు హెన్రీ డార్సీ, ఇసుక పొరల గుండా నీరు ప్రవహించే తీరును తెలిపే సూత్రాన్ని ప్రకటించారు. తాగునీటి కోసం పుట్టిన ఆ సూత్రమే నేడు చమురు ఇంజనీర్లకు ఆధారం. శిల పారగమ్యతను మనం కొలిచే ప్రమాణానికి పేరు కూడా 'డార్సీ'యే.

అయితే ఎంత ప్రవాహం వస్తుందో ఆ సూత్రం చెబుతుంది కాని, లోపల జరిగేదానిని చూపదు. భూగర్భంలో చమురు చెరువులా నిలిచి ఉంటుందని సామాన్యుల భావన. వాస్తవానికి అది ఇసుకరాతి రేణువుల మధ్య, తరచు తలవెంట్రుక మందాన్ని మించని సందులలో, నీటి సరసన ఉంటుంది. అక్కడ కేశనాళికాకర్షణదే పైచేయి. ప్రమిదలోని వత్తి నూనెను పీల్చుకొనేది ఈ బలంతోనే. చమురును నెట్టడానికి మనం నీటిని పంపినప్పుడు, నీటిని ఇష్టపడే శిలలో ఆ నీరు గోడలను అంటిపెట్టుకొని, ఇరుకు సందుల వద్ద ఉబ్బి, చమురు ధారను తెంపివేస్తుంది. తెగిన బొట్లు వెడల్పాటి రంధ్రాలలో చిక్కుపడతాయి. ఆపైన పంపిన నీరు పక్కదారిన పోతుందే కాని, బొట్టు కదలదు.

1952లో అమెరికాలో చాటెనెవర్, కాల్‌హౌన్ అనే పరిశోధకులు గాజు పూసల పలుచని పొరలో ఇటువంటి కదలికలను సూక్ష్మదర్శినితో పరిశీలించి ప్రకటించారు. తదుపరి గాజు పలకపై రంధ్రాల జాలాన్ని చెక్కిన నమూనాలు వచ్చాయి. నేడు ఎక్స్-రే టోమోగ్రఫీ నిజమైన శిలనే, పగులగొట్టకుండా, అనేక కోణాల నుండి చిత్రించి కంప్యూటరులో త్రిమితీయ రూపంగా నిలుపుతున్నది.

ఇలా చూడడం వల్ల ప్రయోజనమేమిటి? ప్రపంచంలో సగటున క్షేత్రంలోని చమురులో సుమారు మూడింట ఒక వంతు మాత్రమే వెలికి వస్తున్నది. మిగిలినది నీరు చేరని పొరలలో ఉన్నదా, నీరు చుట్టుముట్టిన రంధ్రాలలో చిక్కినదా అన్నది తేలాలి. మొదటిదానికి కొత్త బావి అవసరం కావచ్చు; రెండవదానికి నీటికి, చమురుకు మధ్యగల తలతన్యతను తగ్గించే రసాయనం కావాలి. రోగమెరుగక మందు వేస్తే ఖర్చే మిగులుతుంది.

పుదుచ్చేరి పాలనలోని కారైకాల్ కావేరీ బేసిన్‌లోను, తెలుగువారి యానాం కృష్ణా-గోదావరి బేసిన్‌లోను ఉన్నాయి. ఇటువంటి చోట్ల పాత బావిలో నీటి శాతం పెరిగినప్పుడు, "ఇక అయిపోయింది" అని వ్రాసే ముందు కోర్ ముక్కను ఒకసారి పరిశీలించవలసిందిగా యువ ఇంజనీర్లకు నా మనవి. ఒక్క హెచ్చరిక మాత్రం అవసరం. ముక్క బొటనవేలంత, క్షేత్రమో కిలోమీటర్ల మేర. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్న మాట ఇక్కడ చెల్లదు. పలు లోతుల ముక్కలను, బావి ఉత్పత్తి వివరాలను కలిపి చూచినప్పుడే నిర్ణయం నిలబడుతుంది.