ఈ-పంట నమోదు: ఎవరి లాగిన్‌కు ఎంత అధికారం?

మంగంపేట అనగానే ఎవరికైనా ముగ్గురాయి గనులే గుర్తుకు వస్తాయి. అయితే గనులకు ఆవల, ఓబులవారిపల్లె, రైల్వేకోడూరు మండలాలలో అరటి, బొప్పాయి, మామిడి తోటలు విస్తారంగా ఉన్నాయి. గాలివానకు అరటి తోట పడిపోయినప్పుడు పొలంలో పంట ఉన్నదన్న సత్యం ఒక్కటే రైతుకు చాలదు. అది ఈ-పంటలో నమోదై ఉండాలి. పెట్టుబడి రాయితీకైనా, పంటల బీమాకైనా, ధాన్యం కొనుగోలుకైనా ఆ నమోదే ఆధారం. కాబట్టి ఆ నమోదును ఎవరు చేయవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్నది కంప్యూటర్ నిపుణులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఈ-పంట ఒంటరి యాప్ కాదు. భూమి వివరాలు రెవెన్యూ శాఖ నిర్వహించే వెబ్‌ల్యాండ్ నుండి వస్తాయి. పంట పేరు, విస్తీర్ణం, పొలం ఛాయాచిత్రం గ్రామ వ్యవసాయ సహాయకుడు గాని, ఉద్యాన సహాయకుడు గాని చేరుస్తారు. గ్రామ రెవెన్యూ అధికారి తన లాగిన్‌లో దానిని ధ్రువీకరిస్తారు. రైతు వేలిముద్రతో ఈ-కేవైసీ పూర్తిచేస్తాడు. పై అధికారులు కొన్ని నమోదులను ఎంపిక చేసి పొలంలో తనిఖీ చేస్తారు. ఈ అమరికలో సహాయకునికి పంట రాసే అధికారం ఉన్నది గాని, సర్వే నెంబరును, పట్టాదారు పేరును మార్చే అధికారం లేదు. ఈ సంగతి తెలియక సహాయకునితో వాదులాడే రైతులు తక్కువేమీ కాదు. భూ రికార్డులోని తప్పుకు తహసీల్దారు కార్యాలయమే దారి.

రాసినవారే ధ్రువీకరించరాదన్న నియమం కొత్తది కాదు. బ్యాంకులో ఒకరు చెక్కును నమోదు చేస్తే మరొకరు ఆమోదించడం ఇటువంటిదే. అనుమతులను మనిషికి కాక అతని పాత్రకు కట్టబెట్టే పద్ధతిని అమెరికాకు చెందిన ఫెరైయోలో, కూన్ 1992లో ఒక పరిశోధన పత్రంలో క్రమబద్ధంగా వివరించారు. సహాయకుడు బదిలీ అయితే పాత్ర ఆ గ్రామంలోనే మిగులుతుంది, కొత్తగా వచ్చినవారు దానిని స్వీకరిస్తారు. చిక్కు ఎక్కడంటే, ఒక్కొక్క యాప్‌కు ఒక్కొక్క వాడుకరుల జాబితా ఉన్నచోట. ఒకదానిలో తొలగించిన పేరు మరొకదానిలో మిగిలిపోవచ్చు. బదిలీ ఉత్తర్వు వెలువడిన దినమే అన్ని యాప్‌లలోనూ పాత అనుమతి రద్దు కావాలంటే జాబితా ఒక్కచోటనే ఉండాలి.

అలాగని పాత్రను ఉద్యోగ హోదాకే బిగించడమూ మంచిది కాదు. ఒకే సర్వే నెంబరులో ఎకరం అరటి, అరెకరం వేరుశనగ ఉన్న రైతును తీసుకుందాం. ఉద్యాన సహాయకునికి ఉద్యాన పంటలు మాత్రమే కనిపించేలా యాప్ ఉంటే, వ్యవసాయ సహాయకుడు లేని గ్రామంలో ఆ వేరుశనగ నమోదు కాదు. ఇక్కడ అనుమతికి హద్దు రైతు సేవా కేంద్రం పరిధి కావాలి. పంట రకం కారాదు.

కౌలు రైతు విషయంలో ఈ సూత్రం మరింత స్పష్టమవుతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం యజమాని సమ్మతితో ఇచ్చే పత్రం 11 నెలలు చెల్లుతుంది. పంట రుణం, బీమా, పరిహారం కోరే హక్కు దానివల్ల కలుగుతుంది. భూమిపై హక్కు మాత్రం కలగదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది గడువు, హద్దు రెండూ ఉన్న అనుమతి. పత్రంపై సంతకం చేస్తే భూమి చేజారుతుందేమోనన్న యజమాని భయమే కౌలుదారు నమోదుకు పెద్ద అడ్డంకి. ఈ-పంటలో సాగుదారు పేరు ఎక్కినంత మాత్రాన వెబ్‌ల్యాండ్‌లోని పట్టాదారు పేరు కదలదని గ్రామసభలో రెండు తెరలనూ పక్కపక్కన చూపిస్తే, ఎన్ని కరపత్రాలు పంచినా కలగని నమ్మకం కలుగుతుంది.

సీజను చివరి తొందరలో ఒకరి లాగిన్‌ను మరొకరు వాడితే ఈ ఏర్పాటంతా వట్టిదవుతుంది. తరువాత తప్పు బయటపడినప్పుడు లాగిన్ యజమానే జవాబుదారీ. ఎవరు, ఏ దినాన, ఏ వివరం మార్చారో తెలిపే చిట్టా చెరపరానిదిగా ఉండాలి. సామాజిక తనిఖీకి రైతు సేవా కేంద్రంలో జాబితా ప్రదర్శించినప్పుడు రైతు తన ఖాతా నెంబరు, సర్వే నెంబరు, పంట, విస్తీర్ణం సరిచూసుకుని, తేడా ఉంటే గడువులోగా అభ్యంతరం రాసి ఇవ్వాలి. తుది జాబితా ఖరారైన తరువాత సవరణ సహాయకుని చేతిలో ఉండదు.